ఉపోద్ఘాతం కొట్టేసిన టీచర్

మా తెలుగు టీచర్ గారు పోయినవారం మా ఊళ్లోని మలంచా పేటలో, తమ ఇంట్లోనే కన్నుమూశారు. ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. ఆ పూట ఇక పని చెయ్యలేకపోయాను.

రైల్వేవాళ్ల క్వార్టర్లుండే మా ట్రాఫిక్ కాలనీ పిల్లలందరికీ ఒకటే ఉపోద్ఘాతం ఉండేది. సాహిత్యం పేపర్లో ఏ ప్రశ్న వచ్చినా ‘అనాదిగా తెలుగు సాహిత్యం జీవనదిలా ప్రవహిస్తున్నది’ అని మొదలెట్టి పేజీ నింపేసేవాళ్లం. అక్కల స్వెట్టర్లు చెల్లెళ్లకు వచ్చినట్టే అదీ మాకు వచ్చింది. దాని పుణ్యమా అని నేనొకసారి పరీక్ష తప్పాను. నది ప్రవహించేసరికే టైమైపోయి, సగం ప్రశ్నలు మిగిలిపోయాయి. మళ్లీ తప్పితే చదువు మాన్పించేస్తానని నాన్న తేల్చి చెప్పేశారు.

అమ్మ నన్ను టీచర్ గారింటికి తీసుకెళ్లింది. ఆవిడ వరండాలో కూర్చుని కూర తరుగుతున్నారు. చెయ్యి తుడుచుకుని, నేను రాసిన వ్యాసం చదివి, మొదటి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశారు.

“పందిరి బాగానే ఏసినావు. పెళ్లేదమ్మా?”

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు. ప్రశ్న తనే చదివి వినిపించారు: తప్పు చేసిన కొడుకును కథలోని తల్లి గడప తొక్కనివ్వకపోవడం న్యాయమేనా? పెన్ను పక్కన పెట్టి, నేనేమనుకుంటున్నానో నోటితో చెప్పమన్నారు. న్యాయమే గానీ, దానికి అందరికన్నా ఎక్కువ కుమిలిపోయింది ఆ తల్లేనని గొణిగాను.

“అదే రాయి. నీ జవాబేటో దిద్దేవోళ్లకి ముందే తెలిసిపోవాల. మిగతాదంతా అదెందుకో సెప్పడమే.”

ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే వరస. ముందు నోటితో, తర్వాతే పెన్నుతో. ఎక్కడైనా పెద్ద మాట కనిపిస్తే అది ఎవరి మాటని అడిగేవారు. నాది కాకపోతే తీసేయాల్సిందే. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. వ్యాసం బాగుంటే టీ ఇచ్చేవారు, అంతే.

పరీక్షలో నా చెయ్యి అలవాటు కొద్దీ ‘అనాదిగా’ అని రాసేసింది. కొట్టేసి, నా జవాబు రెండు వాక్యాల్లో పెట్టి ముందుకెళ్లాను. మేం దాదా అని పిలిచే ఇన్విజిలేటర్ కాగితాలు తీసుకునే వేళకు చివరి ప్రశ్న కూడా పూర్తయింది. పాసయ్యాను. నాన్న ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆవిడ మంచం పట్టారని తెలిసి, పోయే కొద్దిరోజుల ముందే చూడ్డానికి వెళ్లాను. ఎండల గురించి, ఆటోల గురించి, మా పిల్లల గురించి చాలాసేపు మాట్లాడాను. ఆవిడ నా మొహంలోకి ఓపిగ్గా చూస్తున్నారు. ఎప్పుడో చెప్పాల్సిన మాట అప్పటికి నోట్లోంచి వచ్చింది.

“టీచర్, మీరు లేకపోతే నా సదువు ఆగిపోయేది.”

ఆవిడ మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద ఖాళీ అయిన చోట చేత్తో తట్టారు.