తెల్ల తెర మీద తెల్ల టైం

"…బడి గేటు మూసేశాక కూడా పిల్ల ఒక్కతే బయట నిలబడి ఉందంటే ఏమనాలి అక్కా? వాచ్‌మన్ ఫోన్ చేయబట్టి సరిపోయింది!"

"నేనేమన్నా షికారుకెళ్ళానట్రా? టైం కనపడలేదు."

"కనపడకపోవడానికి అదేమన్నా దయ్యమా? ఫోన్‌లో నెత్తిమీదే ఉంటుంది కదా."

"ఉండేది. ఇప్పుడు ఉండట్లేదు. నా కళ్ళే పోతున్నాయేమో! ఏం, పోకూడదా నా కళ్ళు?"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న పైపట్టీకి ఈ మాటలన్నీ వినపడ్డాయి. లోపల ఆమె భర్త, అతని అక్క ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. గొడవకు కారణమైన పైపట్టీ కూతురు మాత్రం నేలమీద కూర్చుని, ఎవరింటి పంచాయితీనో చూస్తున్నట్టు బిస్కెట్ నములుతోంది.

పైపట్టీ అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. ఫోన్ తెరకు పై అంచున టైం, సిగ్నల్, బ్యాటరీ కనిపించే సన్నటి పట్టీ ఉంటుంది. ఆ ఆఫీసు తయారుచేసే యాప్‌లలో దాని బాగోగులు చూసేది ఆమే. తెర ముదురు రంగుదైతే ఆ పట్టీలో అక్షరాలు తెల్లగా ఉండాలి. తెర తెల్లదైతే నల్లగా మారాలి. అది దానంతట అది మారదు, కోడ్‌లో చెప్పాలి. ఆ ఆఫీసులో ఒక్కో తెరను ఒక్కొక్కరు రాస్తారు. ఎవరికి వారు తమ తెరలోకి వచ్చేటప్పుడు పట్టీ రంగు మార్చుకుని, వెళ్ళేటప్పుడు వెనక్కి మార్చడం మరిచిపోయేవారు, గదిలోంచి బయటికొస్తూ ఫ్యాను ఆపనివాళ్ళలాగా. చేరిన కొత్తలో ఆమె ఈ విషయం మీద ఎంత నస పెట్టిందంటే, చివరికి విసుగెత్తి, "అంత బాధగా ఉంటే నువ్వే చూసుకో తల్లీ" అని ఆ పని ఆమె నెత్తినే పెట్టారు. కోడలి వంట లాంటి ఉద్యోగం. ఉప్పు సరిపోయిన రోజు ఎవరికీ గుర్తుండదు.

వదినది వేరే కష్టం. మంచం పట్టిన ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, స్నానం చేయించి, బట్టలు మార్చి, తినిపించి, వచ్చేటప్పుడు బడి నుంచి పిల్లను తీసుకొస్తుంది. పంపేది ఒక కంపెనీ. ఆ కంపెనీకి యాప్ చేసిచ్చింది పైపట్టీ పనిచేసే ఆఫీసే, వదినకు ఆ ఉద్యోగం గురించి చెప్పిందీ పైపట్టీయే. ముసలివాళ్ళ చర్మం గీసుకుపోతుందని చేతికి వాచీ పెట్టుకోనివ్వరు. పని జరుగుతున్నంతసేపూ ఫోన్‌లో ఆ యాప్ తెరిచే ఉంచాలి. టైం చూద్దామని యాప్‌లోంచి బయటికొస్తే 'పని ఆపారు' అని నమోదవుతుంది. కాబట్టి ఆవిడకు దిక్కల్లా పైనున్న ఆ సన్నటి పట్టీ ఒక్కటే.

"వదినా, ఇలా ఇవ్వండి ఫోను," అంది పైపట్టీ.

యాప్ తెరిచింది. మొదటి తెర ముదురు నీలం, పైన తెల్లటి టైం చక్కగా ఉంది. 'పని మొదలు' నొక్కింది. తెర తెల్లబడింది. టైం మాయమైంది. కాంతి పెంచి, ఫోన్ ఏటవాలుగా పట్టుకుని చూసింది. ఉంది. పాలలో సున్నం కలిసినట్టు, తెలుపు మీద తెలుపు.

"మీ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి వదినా. పోయినవి మా ఆఫీసువాళ్ళ కళ్ళు. రంగు మార్చడం మరిచిపోయారు."

వదిన ఫోన్ లాక్కుని తనూ ఏటవాలుగా చూసింది. "ఓరి వీళ్ళ దుంపతెగ! అద్దాలషాపు వాడు అక్షరాలన్నీ చదివించి, నీకేం లేదమ్మా అంటే వాడికే పని రాదనుకున్నాను. మరి ఇన్నాళ్ళూ వీడి దగ్గర తిన్న తిట్లు ఎవరికి వడ్డించాలి?"

"నాకు వడ్డించండి. రేపు ఆఫీసుకి పట్టుకెళ్తాను."

భర్త వంటింట్లోకి వెళ్ళాడు. అక్కకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు పైపట్టీ కోడ్ తెరిచి చూస్తే, ఆమె ఊహించినట్టే, ఆ తెరకు ఉండాల్సిన లైను లేదు. రాసింది. పక్క కుర్చీలో కూర్చునే, అందరూ నిదానం అని పిలిచే అతను ఆ లైను చూసి సరేనన్నాడు. అతనికి ఆ పేరు ఊరికే రాలేదు గానీ ఆ రోజు మాత్రం వెంటనే చూశాడు. కొత్త యాప్ అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. వదిన మళ్ళీ బడి వదిలే వేళకు గేటు దగ్గర ఉండసాగింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వదిన ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టింది. తెల్ల తెర. పైన ఏమీ లేదు.

ఈసారి పైపట్టీకి నవ్వు రాలేదు. ఆఫీసుకు వెళ్ళి, బ్యాగు దించకుండానే చూసింది. ఆమె రాసిన లైను తీసేసి ఉంది. తీసింది టీమ్ లీడ్. రోజూ ఆమెతో కలిసి అన్నం తినే మనిషి, ఆమె డబ్బాలో కూర అడక్కుండా తీసుకునే మనిషి.

"అయ్యో, నీకు చెప్పడం మరిచిపోయా," అన్నాడు లీడ్. "అది తప్పు కాదు. ముందునుంచీ క్లయింటే అలా అడిగింది. పనివాళ్ళు మాటిమాటికీ టైం చూస్తున్నారట. 'మా అమ్మకు స్నానం చేయిస్తూ ఫోన్ కేసి చూస్తుందేంటి' అని ఇళ్ళవాళ్ళ ఫిర్యాదు."

"ఇంకో ఇంటికి వెళ్ళాలి కాబట్టి చూస్తారు. ఇంట్లో పిల్లలుంటారు కాబట్టి చూస్తారు."

"నిజమే. కానీ టైం కనపడకపోతే ఇంకాస్త ఓపిగ్గా చేస్తున్నారట. ఎక్కువసేపు ఉంటే అది వాళ్ళిష్టం కిందే లెక్క కదా, అదనంగా డబ్బివ్వక్కర్లేదు. ఎవరూ బలవంతం చెయ్యట్లేదు."

"అంత దాచాలనుంటే పట్టీ మొత్తం తీసేయొచ్చుగా?"

లీడ్ గొంతు తగ్గించాడు. "తీసేస్తే తెలిసిపోదూ? అడుగుతారు. ఇలాగైతే ఫోన్ పాతదైందనుకుంటారు, కళ్ళు మసకలనుకుంటారు. గొడవుండదు."

పైపట్టీ ఇన్నేళ్ళూ మరిచిపోయినవాళ్ళ మీద చిందులు తొక్కింది. మతిమరుపు మీద కోపం తెచ్చుకోవడం ఆమెకు అలవాటే, సాయంత్రానికి చల్లారిపోయేది. ఇది మతిమరుపు కాదు. కూర్చుని, ఆలోచించి, అరవై దాటబోయే మనిషి తన కళ్ళనే అనుమానించుకునేలా చేశారు. అందుకు వాడింది తను బాగోగులు చూసే ఆ పట్టీనే.

"మా వదిన అలాగే అనుకుంది," అంది. "అద్దాలషాపుకు కూడా వెళ్ళొచ్చింది."

"మీ వదిన ఇందులో చేస్తుందా?" లీడ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ముందే చెప్పొద్దూ? ఆవిడ ఫోన్ ఒక్కదానికి నల్లగా వచ్చేట్టు పెట్టు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటా."

"మిగతావాళ్ళు ఎవరికీ వదినలు కారా?"

"అబ్బ, నీతో ఇదే చిక్కు. చూడు, అసలు నీతో పనుంది. కొన్ని ఫోన్లలో టైం ఇంకా కనపడుతోందట. అక్షరాల వెనక ఫోనే సన్నటి నీడ పెడుతోంది. అది పోగొట్టడం నాకు చేతకాలేదు. పట్టీ సంగతులు నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మధ్యాహ్నం క్లయింటు ఆవిడ వస్తోంది. నువ్వు చేస్తావని చెప్పేశాను."

మధ్యాహ్నం లీడ్, పైపట్టీ, నిదానం అద్దాల గదిలో కూర్చున్నారు. క్లయింటు ఆవిడ మర్యాదస్తురాలు. నీళ్ళిచ్చిన మనిషికి కూడా థాంక్స్ చెప్పింది. పనివాళ్ళ ఏకాగ్రత గురించి చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతూ మధ్యమధ్య మణికట్టు తిప్పి వాచీ చూసుకుంటోంది, ఇంకోచోట మీటింగ్ ఉందట. నిదానం బల్ల కింద పైపట్టీ పాదాన్ని నెమ్మదిగా తొక్కాడు. ఊరుకో అనో, చూశావా అనో తెలియలేదు.

పైపట్టీ ఆ వాచీ కేసే చూస్తోంది. ఆ నీడ పోగొట్టడం ఎలాగో ఆమెకు తెలుసు. పొద్దున లీడ్ చెబుతుండగానే చేతివేళ్ళకు తెలిసిపోయింది, ఎక్కడ ఏ లైను రాయాలో. అది తెలిసినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. రాయనంటే ఈ ఉద్యోగం ఉంటుందో లేదో చెప్పలేం. భర్త పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. రాస్తే మాత్రం రేపు వదిన ఎదురుగా కూర్చుని కంచంలో చెయ్యి పెట్టాలి.

"మా పైపట్టీ ఉంది కదండీ, చిటికెలో పని," లీడ్ నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు. "చెప్పమ్మా, ఎప్పటికైపోతుంది?"

అందరూ ఆమె కేసి చూశారు. పైపట్టీ ల్యాప్‌టాప్ మూసింది.

"నేను రాయను," అంది. "నా లైను మళ్ళీ పెట్టేస్తున్నాను. దాన్ని ఇంకెవరైనా తీస్తే, ఎందుకు తీశారో అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరికీ నేనే చెప్తాను."