రజను డబ్బా, ఎర్రమూత సీసా

ఆరు నెలలుగా మా తమ్ముడు ఎవరినీ ఏమీ అడగలేదు. ప్రొద్దుటూరులో మా నగల కొట్టు వెనక గదిలో వాడి రిపేరు బల్ల ఉంది. తెగిన గొలుసులకు టంకం పెట్టడం, ఊడిన రాళ్లు బిగించడం వాడి పని. బైపోలార్ అనే ఆ జబ్బు వచ్చాక కొన్ని వారాలు నిద్రపోకుండా పదిమంది పని ఒక్కడే చేసేవాడు. ఆ తర్వాత కొన్ని వారాలు మంచం దిగేవాడు కాదు. మాత్రలతో మనిషి కుదురుకున్నాడు గానీ బల్ల దగ్గరికి మాత్రం పోలేదు. ఏది పెడితే అది తినేవాడు, అంతే.

అలాంటివాడు కడపలో డాక్టరమ్మను ఒక ప్రశ్న అడిగాడు.

ఆమె ఏదో పరిశోధన చేస్తోంది. మనం పీల్చే ఆక్సిజనే కణాల్లోని డీఎన్‌ఏను కొంచెం కొంచెంగా చెడగొడుతూ ఉంటుందట. కణం చూస్తూ ఊరుకోదు. చెడిన ముక్కను తీసేసి కొత్తది అతుకుతుంది. తీసేసిన ముక్కలు మూత్రంలో పోతాయి. ఇలాంటి జబ్బులున్న కొందరిలో అవి ఎక్కువ కనిపిస్తున్నాయని, పోల్చి చూడటానికి అక్కాతమ్ముళ్లిద్దరి మూత్రమూ కావాలని అడిగింది. నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇన్నేళ్లూ ఇంత సంగతి తెలియనందుకు నాకే సిగ్గేసింది.

"ఎక్కువుంటే చెడింది ఎక్కువనా, బాగు చేసింది ఎక్కువనా మేడమ్?" అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. "మూత్రం ఒక్కటే చూసి అది చెప్పలేం బాబూ. తేల్చుకోవాలనే అడుగుతున్నాం" అంది.

"అట్లయితే నాది తీసుకోండి."

ఆ ఆరు నెలల్లో వాడు నోరు తెరిచి కోరుకున్నది అదొక్కటే. తిరుగు బస్సులో ఎర్రగుంట్ల దాటేదాకా మూత్రం పట్టమని ఆమె ఇచ్చిన ఎర్రమూత సీసాను చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. తెల్లమూతది నాది. ఒలికిపోతే పనికొస్తాయని డాక్టరమ్మ రెండు సీసాలు ఎక్కువే ఇచ్చింది.

మరునాడు లేవగానే ఇద్దరం నింపి ఇచ్చాం. వాటిని డాక్టరమ్మ ఇచ్చిన ఐసు డబ్బాలో పెట్టమని అమ్మకు చెప్పి నేను స్నానానికి పోయాను. వచ్చి మూత తీస్తే రెండు సీసాలూ సగం సగమే ఉన్నాయి. పైగా రెండూ ఒకటే ముదురు పసుపు. ఆ రంగు తెచ్చే బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే.

"మా, ఏం చేసినావు?"

అమ్మ తల వంచుకుంది. "నీది మంచిది కదమ్మా, అదే రెండిట్లో పోసినా. వానిది చూసి ఆయమ్మ ఏం రాస్తాదో ఏమో. చెడిన సరుకు ఎవరన్నా ముందర పెడతారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టబోయాను. ఈలోగా వెనక తమ్ముడు నిలబడి ఉండటం చూశాను. అంతా విన్నాడు. కొట్టు వెనక గదిలోకి పోయాడు. మళ్లీ మంచం ఎక్కుతాడేమోనని వాడి వెనకే పోబోయాను.

వాడు రేకు డబ్బాతో తిరిగొచ్చాడు. ఆకురాయితో నగ రుద్దినప్పుడు రాలే బంగారు పొడిని మేం రజను అంటాం. వాడు పని చేసినన్నాళ్లూ ప్రతి సాయంత్రం బల్ల కింద చిమ్మి, ఆ దుమ్మంతా అమ్మే ఆ డబ్బాలో దాచింది. కడిగి బంగారం తీసేవాళ్లు వచ్చేదాకా ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వదు.

"ఇందులో ఏముండాది మా?"

"రజను."

"ఎందుకొస్తాది?"

"నగ బాగు చేస్తే వస్తాది."

"బల్ల కింద దుమ్ము గూడా పారెయ్యవు. నాది యాడ పోసినావు?"

అమ్మ డబ్బా అందుకుంది. ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడింది.

ఆ మర్నాడు అమ్మే వాణ్ణి లేపి కొత్త ఎర్రమూత సీసా చేతికిచ్చింది, నాకు తెల్లమూతది. ఐసు డబ్బా నాకివ్వకుండా తనే పట్టుకుని మాతో బస్సెక్కింది.

"ఏందక్కా ఆ డబ్బాలో?" అని పక్క సీటామె అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకున్నాను.

"మా పిల్లోనికి మనసు జబ్బు. వానిది పరీక్షకు తీసకపోతాండాం" అంది అమ్మ.