మూడుకీ నలభైకీ మధ్య దూరం

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా వీధి మొత్తానికి కాలిక్యులేటర్ ఉన్నది పక్కింటి అక్క ఒక్కదాని దగ్గరే. వాళ్ళ నాన్న ఆయిల్ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్. మేమంతా ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఇంజిన్లు తెచ్చి వాళ్ళ వాకిట్లో దించేవారు. నూనె మరకలతో నల్లబడ్డ ఆ వాకిట్లో కూర్చునే అక్క డిగ్రీ దాకా చదివింది. ఆ తర్వాత హైదరాబాదులో పరిశోధనలో చేరింది. ఆడపిల్లను అంత దూరం పంపుతావా అని వాళ్ళ చుట్టాలు అడిగితే, దానికి బుర్ర ఉంది, నాకు లేదు, అని నవ్వేసేవాడట బాబాయ్.

నేను ఆరో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం ఒక ఇంజిన్ జారి బాబాయ్ పాదం మీద పడింది. రెండు ఎముకలు విరిగాయి. అక్క సెలవు పెట్టి ఇంటికొచ్చింది. వస్తూ వస్తూ ఒక రేకు పెట్టె నిండా కాగితాలు తెచ్చుకుంది. వాటి మీద అచ్చయి ఉన్నవన్నీ అంకెలే. అవేమిటని అడిగాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చాలా చిన్న ప్రోటీను ఒకటి ఎలా ఉంటుందో అందులో రాసి ఉందని చెప్పింది. అమైనో ఆమ్లాలు అనేవి నలభై ఆరు వరసగా గొలుసులా కలిస్తే ఆ ప్రోటీను అయిందట. ఒక్కొక్కటి ఎక్కడుందో చెప్పడానికి మూడేసి అంకెలు.

నాకు అర్థం కాలేదని గ్రహించి, మిషను దారం తీసి దానికి వరసగా ముడులు వేసింది. ఆ దారాన్ని గుప్పిట్లో ఉండ చేసి చూపించింది. దారం చాచి పట్టుకున్నప్పుడు ఈ చివరా ఆ చివరా ఉన్న ముడులు ఉండలో పక్కపక్కన పడ్డాయి. అలా దూరం నుంచి వచ్చి దగ్గరైనవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయని, ఆ పట్టు వల్లే ఉండ విడిపోకుండా నిలుస్తుందని చెప్పింది. ఏది దేనికి దగ్గరగా ఉందో కనిపెట్టి, గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టడమే ఆమె పని. ఐదో వరసలో పదో గడి అంటే ఐదోదానికీ పదోదానికీ మధ్య లెక్క. యూనివర్సిటీలో ఉన్న ఒక్క కంప్యూటరు దగ్గర వంతు దొరకడం కష్టం. అదీగాక, ముందు ఒక్కదాన్ని చేత్తో చేస్తేనే పని అర్థమవుతుందని వాళ్ళ ప్రొఫెసర్ అన్నారట.

ఆ పనిలో నన్ను చేర్చుకుంది. రెండింటి అంకెలూ పక్కపక్కన పెట్టుకుని, పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలి. వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేయాలి. అలా మూడుసార్లు చేసి మూడూ కూడాలి. మొత్తం అరవై నాలుగు దాటితే ఆ రెండూ దూరం, గడి ఖాళీగా వదిలెయ్యాలి. దాటకపోతే దగ్గర, చుక్క పెట్టాలి. కాలిక్యులేటర్ మీటలు నొక్కడం మొదట్లో నాకు ఆటలాగే ఉండేది. నేను లెక్క చెబితే అక్క సరిచూసేది. ఒక్కసారి కూడా విసుక్కున్నట్టు గుర్తు లేదు.

వేసవి సగంలోకి వచ్చాక బాబాయ్ పాదం మీది పుండుకి చీము పట్టింది. అక్క ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. ఐదో రోజు ఆమె హైదరాబాదు వెళ్ళి ఆ చుక్కల పటం ప్రొఫెసర్‌కి చూపించాలి. ఇద్దరు విద్యార్థుల్లో ఒకరిని ఎంచి ఏడాదిపాటు బెంగుళూరులో పెద్ద ప్రయోగశాలకు పంపుతారని, ఈ పని చూసే ఎంచుతారని వాళ్ళమ్మ మా అమ్మతో చెబుతుంటే విన్నాను. మిగిలిన గడులు నూట ఇరవై ఆరు. మొదటి ఆరు వరసల్లో చివరి భాగం. అక్క కాలిక్యులేటర్ నా చేతిలో పెట్టి, రోజుకి ముప్పై రెండు చేసినా అయిపోతాయని చెప్పి వెళ్ళింది.

మొదటి రోజు ఒక వరస నిజాయితీగానే చేశాను. ఇరవై ఒక్క గడులకు రెండే చుక్కలు వచ్చాయి. మర్నాడు రెంటచింతల నుంచి మా పెద్దమ్మ కూతుళ్ళు దిగారు. ఇల్లంతా కేకలు, గవ్వలాట. నేనొక్కదాన్నే చెమట కార్చుకుంటూ అంకెలు నొక్కుతున్నాను. ఒకటోదానికీ ముప్పయ్యోదానికీ ఏం సంబంధం ఉంటుంది, ఉన్నా ఒకటో అరో ఉంటుంది, అని నాకు నేనే చెప్పుకున్నాను. దారం ముడులు మరిచిపోయానని చెబితే అబద్ధం. మరిచిపోలేదు. మిగతా ఐదు వరసలూ అలాగే ఖాళీగా వదిలేసి, కాగితం మడతపెట్టి ఆటలోకి పోయాను.

అక్క ప్రయాణం రోజు పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చి, గబగబా స్నానం చేసి, కాగితాలు పెట్టెలో సర్దుకుంది. నాలుగు రోజులు నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బస్టాండు దాకా నేనూ వెళ్ళాను. బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి అడిగింది.

"అన్నీ చూశావుగదే?"

"చూశానక్కా."

తల నిమిరి ఎక్కేసింది. బస్సు కదిలాక కూడా దాని వెంట పరుగెత్తి చెప్పొచ్చు. బస్టాండులో బస్సు మలుపు తిరగడానికే చాలాసేపు పట్టింది. నేను నిలబడి చెయ్యి ఊపాను.

పది రోజులకు తిరిగొచ్చింది. వచ్చిన రోజు నన్ను పిలవలేదు. మర్నాడు పొద్దున కబురు పెట్టింది. వసారాలో చాప మీద గళ్ళ కాగితం, అంకెల కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చుని ఉంది. ఏమీ అడగలేదు. రెండో వరస నుంచి నువ్వు లెక్క చెయ్యి, నేను చుక్క పెడతాను, అంది. చేశాను. రెండో వరసలోనే చుక్కలు మొదలయ్యాయి. మూడో వరసలోకి వచ్చాం. మూడుకీ నలభైకీ లెక్క వేస్తే మొత్తం అరవై నాలుగుకి చాలా కిందే ఆగింది. మీటలు మళ్ళీ నొక్కి చూశాను, అంతే వచ్చింది.

"ఎంతొచ్చింది?"

చెప్పాను.

"దగ్గరే ఉన్నాయి గదా." పెన్సిల్ నా చేతికిచ్చింది. "నువ్వే పెట్టు."

చుక్క పెట్టాను. అలా ఐదు వరసలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఖాళీగా ఉన్న చోట పదమూడు చుక్కలు తేలాయి. అప్పుడు అక్క నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టుగా చెప్పింది. ఖాళీ గడికి రెండు అర్థాలు ఉండకూడదట. వెతికితే దొరకలేదని ఒకటి, వెతకనే లేదని ఒకటి. చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

"చెయ్యలేకపోతే ప్రశ్న గుర్తు పెట్టు. అందులో సిగ్గేం లేదు. ఊరికే వదిలేస్తే మాత్రం అది అబద్ధం చెప్పినట్టేనే."

నేను తలొంచుకుని కూర్చున్నాను. ఆమె కాగితాలు పక్కకి జరిపింది. నా వైపే చూస్తూ ఉంది. అది నేను మాట్లాడాల్సిన చోటు. ఎండకి గొంతు ఎండిపోయిందని, మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి లేచి మా ఇంటికి వచ్చేశాను. మళ్ళీ ఆ పూట వెళ్ళలేదు.

జరిగింది నాకు తర్వాత తెలిసింది, వాళ్ళమ్మ మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకుంటూ చెప్పినప్పుడు. ప్రొఫెసర్ వేలు మొదట పడింది మూడో వరస మీదేనట. మూడుకీ నలభైకీ మధ్య బంధం ఉందని పుస్తకాల్లోనే ఉందట. తెలిసినదే కనిపించని పటాన్ని మిగతా వాటికి ఎలా నమ్మమంటావు అన్నారట. ఎవరు చేశారని కూడా అడిగారట. నేనే చేశాను, సరిచూసుకోలేదు, అని చెప్పిందట అక్క. బెంగుళూరు అవకాశం రెండో విద్యార్థికి వెళ్ళింది. మా అమ్మ నా వైపు చూడలేదు. ఆమెకు ఏమీ తెలియదు. నేను పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను.

ఆ ఎండాకాలం ఇంకా నెల మిగిలి ఉంది. రోజూ అక్క కనిపించేది. బాబాయ్ కట్టు మార్చడానికి వేన్నీళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. కాలిక్యులేటర్ అడిగితే ఎప్పటిలాగే ఇచ్చేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే బడి తెరిచారు. బాబాయ్ కాలు పూర్తిగా బాగుపడలేదు, ఇంజిన్ల పని తగ్గించుకున్నాడు. ఇల్లు గడవాలి కాబట్టి అక్క పరిశోధన మధ్యలో ఆపి ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. బెంగుళూరు వెళ్ళి ఉంటే అక్కడి స్టైపెండుతో నెట్టుకొచ్చేదేమో. ఏమో, అప్పుడైనా ఇలాగే అయ్యేదేమో. ఆ లెక్క ఎవరూ వేయలేరు.

నేను పెద్దయ్యాక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌నయ్యాను. మొన్న మొన్నటిదాకా అదే పని చేసి రిటైరయ్యాను. చెయ్యని పరీక్ష పక్కన 'చెయ్యలేదు' అని రాసేదాన్ని. నమూనా చాలకపోతే చాలలేదని రాసేదాన్ని. డాక్టర్లు విసుక్కున్నా, రోగి బంధువులు మళ్ళీ రావాలా అని గొణిగినా మానలేదు. అందరూ నన్ను చాదస్తురాలు అనుకున్నారు. అది ఎవరిచ్చిన చాదస్తమో ఎవరికీ చెప్పలేదు.

చివరికి చెప్పాను, అదీ ముప్పై ఏళ్ళు దాటాక. అక్క కూతురి పెళ్ళికి గుంటూరు వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక ఇద్దరమే ఒక గదిలో కూర్చున్నాం. ఆమె జుట్టు అప్పటికే తెల్లబడింది. ఆ రోజు బస్టాండులో నీకు అబద్ధం చెప్పానక్కా, ఒక్క వరసే చేశాను, అని మొదలుపెట్టేసరికి ఏడుపు ఆగలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసు. ఆ ఐదు వరసల చివర ఒక్క చుక్కా లేదుగా. నువ్వే వచ్చి చెప్తావని ఆ ఎండాకాలం అంతా చూశానే. చానా రోజులు చూశా," అంది.

కోపంగా అనలేదు. ఆ వెంటనే, తిన్నావా, స్వీటు సరిగా వేశారా అని అడిగింది.

పోయిన అవకాశం గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. నేను క్షమించమని అడిగాను, ఆమె క్షమించింది. అయినా ఇంటికొచ్చే దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఆ పటమూ కాదు, ప్రొఫెసరూ కాదు. వసారాలో చాప మీద నా ఎదురుగా కూర్చుని, పదకొండేళ్ళ పిల్ల ఒక్క మాట అంటే చాలని ఓపిగ్గా చూస్తున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది. నా తప్పు దిద్దడానికి ఆమె ఒక పూటంతా నాతో కూర్చుంది. నేను ఒక్క నిమిషం కూర్చోలేకపోయాను. ఆ నిమిషమే ఇప్పటికీ నాతో ఉంది.