ఊరి పేరు రాయని ఫోటోలు

మా సైన్సు మాస్టారు పోయారు. నందిగామ ఆసుపత్రిలో, పొద్దున్నే. కబురు వచ్చేసరికి జగ్గయ్యపేటలో నా స్టూడియో షట్టరు సగమే ఎత్తి ఉంది. మళ్ళీ దించేసి మెట్లమీద కూర్చున్నాను.

ఏడో తరగతిలో అట్టపెట్టెకి చిల్లు పెట్టి, కెమెరా ఎలా పనిచేస్తుందో నాకు చూపించింది ఆయనే. నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. రిటైరయ్యాక ముక్త్యాల వైపు గుట్టల్లో తిరిగేవారు. ఎదురుగా ఏది కదిలినా దానంతటదే ఫోటో తీసే కెమెరాని చెట్టుకి కట్టి, వారానికోసారి అందులో కార్డు నాకు తెచ్చి ఇచ్చేవారు. ముళ్ళకంప తప్ప ఏమీ లేదనుకునే ఆ గుట్టల్లో పునుగుపిల్లి, ఏదుపంది. ఒకసారి, ఒళ్ళంతా పొలుసులున్న అలుగు, తోకమీద పిల్లతో.

"చీమల్నీ చెదల్నీ తిని బతుకుద్దయ్యా. అది తవ్విన చోట నేల గుల్లబారి వాన ఇంకుద్ది. ఈ గుట్టకి అదే రైతు," అన్నారు.

ఫోటో వెనక తేదీ, టైము రాసేవారు గానీ చోటు మాత్రం రాసేవారు కాదు. అదేంటండీ అంటే, ఇంటి తాళం ఎక్కడ పెట్టావో గోడమీద రాస్తావా అని నవ్వేవారు.

నా బుర్రకి ఎక్కితేగా! మా స్టూడియోవాళ్ళకో జబ్బుంది. మంచి ఫోటో పడితే పెద్దది చేసి, పేరూ ఊరూ రాసి, బయట అద్దాల్లో పెట్టాల్సిందే. ఆ అలుగు తల్లీపిల్లల్ని పెట్టేశాను. కింద 'మన ముక్త్యాల గుట్టల్లో' అని నా చేత్తోనే రాశాను. వెనకున్న చీలికబండ ఎవరైనా గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంది. మాస్టారు సంతోషిస్తారనుకున్నాను, వెధవని.

వారం తిరక్కుండా, పొలుసులు అమ్ముకునేవాళ్ళు ఎవరో ఆ అలుగు బొరియ తవ్వేశారు. మాస్టారు తెచ్చిన కార్డులో మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్న ఇద్దరు, గునపాలు, గోనెసంచి. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"దీన్నీ అదే సైజులో వెయ్యి. అద్దాల్లో మాత్రం పెట్టొద్దు," అన్నారంతే.

ఆ తర్వాత ఆయన రాలేదు. నేనూ మొహం చెల్లక ఆయన గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళు. నన్ను క్షమించారో లేదో అడగనేలేదు.

నిన్న మాస్టారి భార్య వచ్చారు. జ్ఞాపకార్థ కూడికకి ఫోటో కావాలి, ఇంట్లో ఆయనది సరైంది ఒక్కటీ లేదట. ఆయన కెమెరాలో కార్డు నా చేతిలో పెట్టి, "దీంట్లో ఆయనేమన్నా పడ్డారేమో చూడు బాబూ," అన్నారు.

కంప్యూటర్లో తెరిచాను. జంతువు ఒక్కటీ లేదు. ఆ చీలికబండే, తవ్వేసిన ఆ గొయ్యే. నెలనెలా మాస్టారు ఒక్కరే. వచ్చి, మోకాళ్ళమీద వంగి, లోపలికి చూస్తూ. ఆఖరిది ఆయన పోవడానికి వారం ముందుది. అందులో ఆయన, జ్వరం చూసే మనిషిలా, అరచెయ్యి గోతిలోని మట్టికి ఆనించి ఉన్నారు.