మేకా, కాఫీ సంచీ, కార్యదర్శీ ఒకే బరువు

మా అనంతగిరి కాఫీ రైతుల సంఘం కాటా మీద ఒకరోజు కాఫీ సంచీ, మేక, సంఘం కార్యదర్శి ఒకే బరువు తూగారు. ఆ ఘనకార్యం నాది. తప్పు నాదే, కానీ కోపం మాత్రం ఇప్పటికీ లోకం మీదే. ఎందుకో చెబుతాను, మీరే న్యాయం చెప్పండి.

నేను బడిలో నేర్చుకున్నది తక్కువ, పాడైన రేడియోలు విప్పి నేర్చుకున్నది ఎక్కువ. అదే ఊపులో కంప్యూటర్లూ విప్పాను. కొన్నేళ్ళ కిందట సంఘం వారి పాత కంప్యూటర్ మూలుగుతుంటే, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. కాటాకి సొంత తెర లేదు. సంచి పెడితే బరువు తీగ గుండా కంప్యూటర్లో పడాల్సిందే.

ఇక్కడ మా కొండ మీది పద్ధతి చెప్పాలి. ఒకప్పుడు సంతలో షావుకార్లు తక్కెడలో రాళ్ళ పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించి తూచేవారు. అప్పటి నుంచీ మావాళ్ళు ఎవరింటి సరుకు తూచాలన్నా ముందు తక్కెడ తిరగేసి చూస్తారు. కరెంటు కాటాని ఎలా తిరగేస్తారు? అందుకని తీగ పీకి మళ్ళీ పెట్టమంటారు. ఇంటింటికీ పీకాలి, పెట్టాలి.

"ఇన్నిసార్లు పీకితే తట్టుకుంటాదా మాస్టారూ?" అన్నాడు కార్యదర్శి అప్పారావు.

"కంప్యూటర్‌ని పరీక్షించే ప్రోగ్రాం రాశానయ్యా! దానంతటదే పీకుతుంది, పెడుతుంది, సరిచూసుకుంటుంది. మనిషి చెయ్యి తగలక్కర్లేదు" అన్నాను, మీసం మెలేస్తూ. పరీక్ష ఆడించి నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి తెరంతా పచ్చటి పాసులే. శ్రావణంలో కొండలా ఉంది.

కొనుగోలు రోజు వచ్చింది. మొదటి ఇంటివారి చివరి సంచి నలభై ఎనిమిది కిలోలు తూగింది. తీగ పీకాం, పెట్టాం. తర్వాత సోంబరమ్మ సరుకు. ఏడాది పంట కోడలితో, చిన్న మనవరాలితో కలిసి మోసుకొచ్చింది. పెద్ద సంచి నలభై ఎనిమిది, చిన్న సంచీ నలభై ఎనిమిది.

"ఏటి బాబూ, ఆ పెద్దది ఇద్దరం ఎత్తినాం. ఈ చిన్నది మా గుంట చంకలో తెచ్చినాది. రెండూ ఒకటేనేటి?"

"యంత్రం అబద్ధమాడదమ్మా!"

ఆవిడ సంచి దించి, వెంట వచ్చిన తన మేకని ఎక్కించింది. నలభై ఎనిమిది!

"బేగి రండర్రా, మా మేక కాఫీ కాసినాది!"

జనం మూగారు. అప్పారావుని నిలబెట్టారు. ఆయన బొజ్జే అంత ఉంటుంది. నలభై ఎనిమిది! "సిక్కిపోయినావు బాబూ, ఇంట్లో కూడెట్టడం లేదేటి?" అన్నారెవరో. ఆయన దిగాక ఖాళీ కాటా కూడా నలభై ఎనిమిదే.

సోంబరమ్మ మాత్రం నవ్వలేదు. "ఏడాది కట్టం బాబూ ఇది. మీరూ చింతపండే అంటించినారు. ఎవుడు తూసినా మోసమే అయితే షావుకారే నయం" అని కోడలి చేత సంచి నెత్తికెత్తించుకుంది. వెనకాల మిగతావాళ్ళూ సంచులు లేపారు. వాళ్ళు గడప దాటితే సంఘం ఆ పూటతో సరి. అప్పారావు పరుగెత్తి పాత తక్కెడ మోసుకొచ్చాడు. ఆవిడ రెండు పళ్ళేలూ తిరగేసి, వేలితో గీకి చూసి, అప్పుడు సంచి దించింది. పొద్దువాలేదాకా అందరి సరుకూ దాని మీదే తూచాం.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ సిస్టమ్ తయారుచేసిన వాళ్ళకి రాశాను: "తీగ మళ్ళీ పెడితే మీ సిస్టమ్‌కి కాటా కనబడదు, పాత బరువే పట్టుకు వేలాడుతుంది. నా పరీక్షలో అన్నీ పాసులే, ఇదిగో చూసుకోండి. కొండ మీది ఆడవాళ్ళ చెమటతో ఆడుకుంటారా? సిగ్గు లేదా?" జవాబు లేదు. ఇంకోటి రాశాను, ఇంకా ఘాటుగా. మూడోది ఇక్కడ అచ్చు వేయదగ్గది కాదు.

ఈలోగా సంతలో పిల్లాపెద్దా నన్ను "నలభై ఎనిమిది తాత" అనడం మొదలెట్టారు. ఇప్పటికీ అంటున్నారు. కోపం రాదూ మరి?

చివరికి జవాబొచ్చింది. అది చదివిన రోజే, నా ఇంట్లోని సమస్త స్క్రూడ్రైవర్ల సాక్షిగా ప్రమాణం చేశాను: ఒళ్ళు చల్లారేదాకా ఎవరికీ ఒక్క ముక్క రాయను. వాళ్ళ ఇంగ్లీషుని తెలుగు చేసి ఇస్తున్నాను, చదవండి:

"అయ్యా, మీ కోపం న్యాయమే. లోపం మాలోనూ ఉంది, సరిచేస్తున్నాం. మీ పరీక్ష కూడా చదివాం. అందులో 'తీగ పీకారనుకో, మళ్ళీ పెట్టారనుకో' అని కంప్యూటర్‌కి చెప్పారు. అది అలాగే అనుకుంది. ఇంతకీ ఆ పరీక్ష జరిగినప్పుడు తీగని ఎవరైనా ముట్టుకున్నారా?"