సుబ్బయ్య శెట్టి ఈత

కోయిలకుంట్ల బజారులో నాగసుబ్బయ్య శెట్టి నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. అట్లని చెడ్డవాడేం కాదు. తూకంలో మోసం లేదు, మాటలో దురుసు లేదు. కాకపోతే తల్లి కడుపులోంచే యాభై ఏండ్ల మనిషిగా బయటికి వచ్చినట్టుండేవాడు. మబ్బు పడితే గొడుగు, ఎండ కాస్తే గొడుగు, ఏదీ లేకపోయినా చంకలో గొడుగు. కదిలే బస్సు వెనకాల ఒక్కనాడూ పరుగెత్తిన పాపాన పోలేదు. తిరునాళ్ళలో కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కుదాం రమ్మని చెయ్యి పట్టి లాగితే, వాళ్ళను ఎక్కించి తాను కింద చెప్పులకు కాపలా నిలబడ్డాడు.

జనం అది ఆయన స్వభావం అనుకునేవాళ్ళు. స్వభావం కాదు, వాళ్ళమ్మ పెట్టించిన ఒట్టు.

సుబ్బయ్యకు తొమ్మిదేండ్లప్పుడు అన్న చెన్నకేశవులు ఊరి బయట కపిలబావిలో మునిగి చనిపోయాడు. ఎద్దులను కట్టి నీళ్ళు తోడే పెద్ద రాతికట్టు బావి అది. ఎండాకాలం వస్తే పిల్లలంతా అందులోనే పడి ఉండేవాళ్ళు. కేశవుణ్ణి సాగనంపిన రోజునే తల్లి, మిగిలిన ఒక్క కొడుకు చెయ్యి లాక్కొని తన నెత్తిన పెట్టుకుంది. నీళ్ళలో కాలు పెట్టనని ఒట్టు వేయించుకుంది. ఒట్టు నీళ్ళ మీదే గానీ, చెట్టెక్కబోతే అదే గుర్తొచ్చేది, సైకిలెక్కబోతే అదే గుర్తొచ్చేది. పిల్లవాడు మెల్లగా అన్నీ మానుకున్నాడు. ఆ ఇంట్లో కేశవుడి పేరెత్తడం కూడా మానుకున్నారు. పేరెత్తితే అమ్మ మంచం పట్టేది.

ఆ అమ్మ కరువు ముదిరిన ఏడు పోయింది. అదే ఏడు కపిలబావి కూడా అడుగంటా ఎండింది. ఒకనాడు శెట్టి అటువైపు పోతూ, గొడుగు చంకన పెట్టుకొని, గట్టు మీది నుంచి మొదటిసారి లోపలికి తొంగి చూశాడు. ఇన్నేండ్లూ ఆ బావి అడుగున ఏదో ఘోరమైనది ఉంటుందని ఆయన లోలోపల నమ్మకం. తీరా చూస్తే నెర్రెలు విచ్చిన ఒండ్రు, పగిలిన కుండ ఒకటి, తెగిన చెప్పు ఒకటి. అంతే. ఆయనకు భయం పోయి ఆశ్చర్యం పట్టుకుంది. ఇందుకోసమా అన్న అన్నం కూడా ముట్టకుండా పరుగెత్తుకొచ్చేది? కండ్లు ఎర్రగా చేసుకొని, తడిసి ముద్దయి, ఎంత తిట్టినా నవ్వుతూ ఇంటికొచ్చేవాడే, ఏం చూసి నవ్వేవాడు? ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు. అంగట్లో కందిపప్పు కట్టిస్తున్నా అదే, పీట మీద కూర్చొని అన్నం కలుపుకుంటున్నా అదే.

రెండువేల అయిదులో వానలు దండిగా పడ్డాయి. బావి పైమెట్ల దాకా నిండింది. అంగడి మూసి అందరూ కునుకు తీసే మిట్టమధ్యాహ్నం, శెట్టి గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. ఆ బావి ఈరన్న వాళ్ళది, ఆ వేళకు అతనూ గట్టు మీదే ఉన్నాడు. ఈరన్న బళ్ళో ఈయనతోనే చదివినవాడు, కేశవుడికి ఈత జోడు. కేశవుడు మునిగిన రోజు అక్కడే ఉన్నాడు. "నా కొడుకును తీసకపోయి చంపినావు కదరా" అని శెట్టి తల్లి వీధిలో నిలబెట్టి మన్ను పోసింది. ఆ తర్వాత ఈరన్న వాళ్ళ అంగడి మెట్టు తొక్కలేదు. ఉప్పు కావాలన్నా అవతలి వీధికి పోయేవాడు.

"ఏం శెట్టీ, దారి తప్పినావా?" అన్నాడు ఈరన్న.

"ఊరికే చూస్తాండా."

"చూసేకి గొడుగెందుకప్పా? బావి నీ మీద ఎగరదులే."

శెట్టి గొడుగు ముడిచాడు. దాన్ని గట్టుకు ఆనించి, "నాకు ఈత నేర్పిస్తావా ఈరన్నా?" అన్నాడు.

ఈరన్న మొహంలో ఎగతాళి ఎగిరిపోయింది. "ఇంకో ప్రాణం నా నెత్తిన పెట్టద్దప్పా. ఒకటి మోసింది సాలు."

"నువ్వు మోసినావని నాకు తెలుసు. అందుకే నీ దగ్గరకొచ్చినా."

ఈరన్న గట్టు మీది రాయి ఒకటి తీసి నీళ్ళలోకి విసిరాడు. చివరికి, "రేపు బెండ్లు కట్టుకోని రా" అన్నాడు.

బెండ్లంటే ఈత రాని పిల్లలు వీపుకు కట్టుకునే తేలికపాటి ఎండు చెక్కలు. యాభై దాటిన శెట్టి ఎవరింటికి పోయి బెండ్లు అడుగుతాడు? పరువేం కావాలి? అంగట్లో ఖాళీ పామాయిల్ డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. గాలి తప్ప ఏమీ లేని డబ్బా నీళ్ళ మీద తేలదా? మూత దగ్గరి బొక్కలో గుడ్డ కుక్కి, పైన సబ్బు మెత్తి, మరునాడు దాన్ని వీపుకు కట్టుకొని మెట్లు దిగాడు. ఆ అవతారం చూసి ఈరన్న నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపు బ్రహ్మాండంగా తేలాడు. కాళ్ళు తపతపా కొట్టాడు. "ఈరన్నా, చూసినావా!" అని కేక కూడా పెట్టాడు. ఆ వెంటనే వీపు వెనక గుడగుడమని చప్పుడైంది, శెట్టి బుడుంగుమన్నాడు. ఈరన్న దూకి మొలతాడు దొరకబుచ్చుకొని మెట్టు మీదికి ఈడ్చాడు. డబ్బా తిప్పి చూస్తే, ఇంకో మూలన మేకు దూరేంత చిన్న బొక్క. ఏ నూనె డబ్బా అంగట్లోకి వచ్చినా రెండు బొక్కలు పొడవడం శెట్టి చేతికి అలవాటు. ఒకటి నూనె పడేదానికి, ఇంకోటి గాలి పోయేదానికి. పెద్దది మూసి, చిన్నదాన్ని మరిచిపోయాడు.

"పామాయిలు పోసినట్టే పోతివి కదప్పా నీళ్ళల్లోకి!" అన్నాడు ఈరన్న.

శెట్టి దగ్గుతూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుదామన్నా ఆగలేదు. పొట్ట పట్టుకొని, కండ్ల నీళ్ళు కారేదాకా నవ్వాడు. ఈరన్న డబ్బా పక్కన పెట్టి ఆయన్నే చూశాడు. అచ్చం కేశవుడి నవ్వు.

మరునాటి నుంచి ఈరన్నే బెండ్లు తెచ్చాడు. మధ్యాహ్నాలు అట్లా గడుస్తుంటే, బట్టలుతికే భీమక్క పంచెకంటిన పాచి చూసి సంగతంతా కూపీ లాగి, శెట్టి భార్య వెంకటలక్ష్మమ్మ చెవిన వేసింది.

ఆ రాత్రి లక్ష్మమ్మ ఆయనకు వడ్డించి, తన కంచం బోర్లించింది. "అత్తకు పెట్టిన ఒట్టు నాకూ పెట్టండి. అప్పుడే తింటా" అని తల ముందుకు వంచింది.

శెట్టి చెయ్యి లేచింది. పెడితే పోతుంది. ఎన్నో ఏండ్ల అలవాటు. కానీ చెయ్యి సగంలోనే ఆగిపోయింది.

"ఒక్కసారి బెండ్లు లేకుండా నీళ్ళ మీద పండుకోవల్ల లక్ష్మమ్మా. మా అన్న ఏం చూసినాడో చూడల్ల. ఆ తర్వాత నువ్వెట్ల చెప్తే అట్ల."

"మీకేమన్నా అయితే నేనేం కావల్ల?"

శెట్టి తన కంచం పక్కకు జరిపాడు. ఇద్దరూ తినకుండానే పడుకున్నారు. మరునాడు ఆయన అంగడి మూసేసరికి లక్ష్మమ్మ వాకిట్లో సిద్ధంగా ఉంది. "నేనూ వస్తా. మునిగితే ఇద్దరం మునుగుదాం" అంది.

ఆమె పైమెట్టు మీద కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. శెట్టి వీపుకున్న బెండ్లు విప్పాడు. ఈరన్న చేతికందేంత దూరంలో నీళ్ళల్లో నిలిచాడు. శెట్టి నాలుగు బారలు వేసి, బావి నడుమకు పోయి, వెల్లకిలా తిరిగాడు. చెవులు నీళ్ళలో మునిగాయి. లక్ష్మమ్మ అరుపు, ఈరన్న హెచ్చరిక, దూరంగా లారీ హారను, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నాలుగు రాతిగోడల మధ్య చదరంగా ఆకాశం. గోడ సందుల్లోంచి పావురాలు లేచి ఆ చదరంలోంచి ఎగిరిపోయాయి. ఒంటికి బరువు లేదు. వయసు లేదు. ఎవరికీ ఏ ఒట్టూ బాకీ లేడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఆ నీళ్ళల్లో అది ఎవరికీ కనపడలేదు.

తిరిగొచ్చి మెట్టు పట్టుకొని అన్నాడు: "మాయన్న ఈడ శానా సంతోషంగా ఉన్న్యాడు లక్ష్మమ్మా. వాడు చచ్చిపోయిందే మనకు గుర్తుండాది. వాడెట్ల బతికినాడో ఇంట్లో ఒక్కరమూ అడగలేదు."

లక్ష్మమ్మ ఒట్టు సంగతి ఎత్తలేదు. రెండు మెట్లు దిగి, పాదాలు నీళ్ళలో పెట్టి, ఈరన్న వైపు తిరిగింది.

"ఆ పిల్లోడు ఈత ఎట్ల కొడతాండెనప్పా ఈరన్నా?"

ఆ ఇంటి మనిషి ఆ మాట అడుగుతుందని ఈరన్న ఏనాడూ అనుకోలేదు. మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు.

"కేశవా... వాడు అందరి మాదిరి ముక్కు పట్టుకోని దూకేటోడు కాదమ్మా. చేతులు రెండూ చాపి, గట్టు మీదినుంచి తమ్ముని పేరు పెట్టి కేకేసి దూకుతాండె. సుబ్బయ్యా, నువ్వు పెద్దోడివైతే నిన్నూ నీళ్ళలోకి దింపుతాలేరా అని... రోజూ అదే కేక."

ఇంకా ఏదో చెప్పబోయి ఈరన్న భోరుమన్నాడు. సుబ్బయ్య శెట్టి నీళ్ళలోనే జరిగి, దగ్గరికి పోయి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకా చెప్పు ఈరన్నా" అన్నాడు.