తూగుడుబల్ల మీద మా బావ

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో వీరుడున్నాడు, తపస్సుంది, నంద్యాల పట్టణమంతా ఊపిరి బిగబట్టి చూసిన పరీక్ష ఉంది. కొంచెం తగ్గించి చెప్పాలంటే పట్టణమంతా కాదు, పార్కులో రేడియో వార్తల కోసం కూర్చున్న నలుగురైదుగురు ముసలాళ్లు. వాళ్లు ఊపిరి కూడా బిగబట్టలేదు, శెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. తపస్సంటే అరటిపండ్లు తినడం.

డెబ్బయ్యో దశకం చివర. మా పార్కు తెల్లదొరల కాలం నాటిది. దొరలు పోయాక కమాను గేటు, నీళ్లు రాని ఫౌంటెను మిగిలాయి. తర్వాత రేడియో గది వచ్చింది, పిల్లల కోసం ఉయ్యాలలు, జారుడుబల్ల, తూగుడుబల్ల వచ్చాయి. జారుడుబల్ల ఎండకు ఎంతగా కాలిపోయేదంటే, పొద్దు వాలేదాకా పిల్లలు దాన్ని దూరం నుంచే గౌరవించేవాళ్లు.

ఆళ్లగడ్డ నుంచి మా మేనత్త కొడుకు బస్సు దిగాడు. మరుసటి ఉదయం నంద్యాలలో పోలీసు సెలక్షన్లు. కనీసం యాభై కిలోలుండాలని ఎవరో చెప్పారట. బావను దేవుడు పొడుగ్గా పుట్టించి, అడ్డం సంగతి మరిచిపోయాడు. తూకం తగ్గితే రుద్రవరం పొలంలో వాళ్ల నాయన వెనకాల మిరపకు నీళ్లు కట్టుకోవాల్సిందే. సెలక్షన్లంటే నాయన పొలం వదిలి రానివ్వడని, ఇంట్లో చర్చి పాటల పోటీ అని చెప్పి వచ్చాడు.

నా స్నేహితుడి నాయన అంగడిలో బస్తాలు తూచే కాటా ఉంది. కానీ ఆయన బావ వాళ్ల నాయనకు, అంటే మా మామకు, దోస్తు. కాటా ముల్లు ఆగేలోపే కబురు ఆళ్లగడ్డ చేరుతుంది. ఉపాయం ఆ స్నేహితుడే చెప్పాడు. ప్రతి ఉగాదికీ వాళ్ల నాయన వాణ్ణి కాటా ఎక్కిస్తాడు. పోయిన వారమే ఎక్కించాడు, సరిగ్గా యాభై. తూగుడుబల్లకు ఒక కొసన వాడు, ఇంకో కొసన బావ కూర్చుంటే సంగతి తేలిపోతుంది.

సాయంత్రం ముగ్గురం పార్కుకు పోతే వాచ్‌మన్ విజిలేసుకుంటూ వచ్చాడు. "పెద్దోళ్లు ఎక్కగూడదప్పా. ఇరిగితే ఎవురు కడతారు?" ఈయన రేపట్నుంచి పోలీసని చెప్పాను. విజిల్ జేబులోకి వెళ్లిపోయింది.

బావ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. బావ జెండాలా పైకి లేచాడు.

"రేయ్, నా బతుకింక మిరపతోటేనా?" అన్నాడు పైనుంచే.

"ఆడ్నుంచి తోట కనపడదులే బావా, దిగు."

గేటు బయట బండి దగ్గర డజను అరటిపండ్లు కొన్నాం. బావ అన్నీ తిని మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఈసారి కొంచెం మెల్లగా, మర్యాదకన్నట్టు. అప్పుడు ముసలాళ్లలో ఒకాయన, రేడియో మీంచి చెవి తీయకుండానే, "రేయ్ అబ్బోడా, అటోడు ఇటు, ఇటోడు అటు కూచోండి. ఆ బల్ల ఎప్పుడూ గేటు పక్కకే వాలతాది" అన్నాడు.

మారి కూర్చున్నారు. గేటు వైపున్న బావ దబ్బున నేలకు తగిలాడు. ముఖం వెలిగిపోయింది. "చూసినావా, నేనే బరువు!"

"ఇందాక వాడు బరువు, ఇప్పుడు నువ్వు. అసలు బరువు బల్లకే ఉండాది బావా."

ఏమీ తేలలేదు. అయినా ఎవరికీ లేవబుద్ధి కాలేదు. తడిపిన గడ్డి వాసన, చల్లగాలి, ముసలాళ్లు పెట్టిన శెనక్కాయలు. ముగ్గురం వార్తలైపోయేదాకా అక్కడే కూర్చున్నాం. దేశం సంగతి ఒక్క ముక్క గుర్తులేదు, శెనక్కాయలు మాత్రం బాగున్నాయి.

తెల్లారి బావ ముందు జాగ్రత్తగా ఇంకో డజను తిన్నాడు. సెలక్షన్ల గ్రౌండుకు పోతే ముందు పరుగట, తర్వాతే తూకం. సగం దూరంలో బావ చెయ్యి పొట్ట మీదికి పోయింది. ముగింపు గీతకు అవతల మరుగుదొడ్డి ఉంది. మిగతావాళ్లు గీత కోసం పరుగెత్తారు, బావ అంతకంటే దూరం చూసి పరుగెత్తాడు. అందరికంటే ముందు గీత దాటాడు, దాటినా ఆగలేదు.

కాసేపటికి తేలిక ముఖంతో తిరిగొచ్చి తూకం మిషన్ ఎక్కాడు. ముల్లు యాభై దాటి ఆగింది, ఏ అరటిపండు సాయమూ లేకుండానే.

ఉద్యోగమొచ్చింది. ఆ పరుగు మిరపతోటలో తిరిగిన కాళ్ల మహిమేనని మామ ఆళ్లగడ్డంతా చెప్పుకున్నాడు. ఎనభైల్లో బావ నంద్యాలకు బదిలీ అయ్యాక, సెలవు రోజున పిల్లల్ని పార్కుకు తీసుకొచ్చేవాడు. బల్ల అప్పటికీ గేటు వైపే వాలి ఉండేది.

అరటిపండ్లు తిని ఆ పార్కుకు పోయేవాళ్లకు ఒక మాట. అక్కడి మరుగుదొడ్డికి సాయంత్రం ఆరింటికే తాళం వేస్తారు.